కవిసారుకు నాలుగు లైన్లు

ఈ ఊళ్ళో ఎవరు పోయినా నా టేబుల్ మీదికి మూడు వస్తాయి. ఒక ఫోటో, ఇంటివాళ్ళ పేర్లు రాసిన కాగితం, పెన్సిలుతో రాసిన నాలుగు లైన్లు. ఫోటోలో మనిషి వెనకున్న గోడను చెరిపేసి ఆకాశం పెడతాను. పేర్లు పెద్దా చిన్నా చూసుకుని వరసగా కొడతాను, ఎందుకంటే వరస తప్పితే కర్మ రోజే పంచాయితీ అవుతుంది. నాలుగు లైన్లను మాత్రం ఏమీ చేయను, వచ్చినవి వచ్చినట్టే దించుతాను. వరంగల్ చౌరస్తా దగ్గరి ఒక ప్రెస్సులో పందొమ్మిదేళ్ళుగా నా పని ఇదే.

పోయిన సోమవారం పొద్దున రెండే వచ్చాయి. ఫోటో వచ్చింది, పేర్ల కాగితం వచ్చింది, నాలుగు లైన్లు రాలేదు. ఈసారి పోయింది వాటిని రాసే మనిషి.

ఊరంతా ఆయన్ను కవిసారు అనే పిలిచేది. కార్డు మీద ఆయన అసలు పేరు కొడుతుంటే ఎవరి పేరో కొడుతున్నట్టు అనిపించింది. ఆయనకు ప్రభుత్వం వాళ్ళు జిల్లా ఆస్థానకవి అని బిరుదు ఇచ్చారు. పుస్తకాలున్నాయి, శాలువాలున్నాయి, ఆ శాలువాలను పెద్దమ్మ, అంటే ఆయన భార్య, బియ్యం డబ్బాల మీద కప్పింది. నేను పుస్తకాల కవిత్వం గురించి చెప్పగలిగినదాన్ని కాదు, అది చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నాకు తెలిసింది కార్డుల మీది కవిత్వం.

దశదినకర్మ కార్డు మీద ఫోటో కింద నాలుగు మాటలుండటం ఎక్కడైనా ఉన్నదే. 'మా ఇంటి దీపమా' అని ఒకటి, 'నీవు లేని లోటు' అని ఒకటి, ప్రతి ప్రెస్సు కంప్యూటర్లో అరడజను తయారుగా ఉంటాయి. మూడో నంబరు పెట్టు అంటే మూడో నంబరు పెడతారు. మా ప్రెస్సులో అవి లేవు. ఉండేవి, ఒకరోజు నేనే చెరిపేశాను. ఆ సంగతి చెబుతాను, కానీ ముందు సారు సంగతి.

కవిసారు ఉద్యోగం చేసింది కరెంటాఫీసులో. మీటర్ రీడర్. ముప్పై ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూశారు. రిటైరైన తర్వాత కూడా ఏ గుమ్మంలో అడుగుపెట్టినా ఆయన చూపు ముందు తలుపు పైనున్న మీటరు మీదికి పోయేది, ఆ తర్వాత మనిషి మీదికి దిగేది. చొక్కా జేబులో వేలెడంత టార్చి, పెన్సిలు ముక్క ఎప్పుడూ ఉండేవి. ఇంత పెద్ద కవివి, మంచి పెన్ను పెట్టుకోరాదా సారూ అని నేనే ఒకసారి ఎకసెక్కం చేశాను. ఎండల్లో తిరిగితే చెమటకు సిరా కారిపోయి రీడింగులన్నీ కలిసిపోయేవట, అప్పటి నుంచి పెన్సిలేనట.

కార్డుకు రాయడానికి ఆయనకో పద్ధతి ఉండేది. తన ఇంట్లో కూర్చుని రాయరు. పోయిన మనిషి ఇంటికి పోవాలి. ఆ మనిషి ఎక్కడ కూర్చునేవాడో అడిగి అక్కడే కూర్చోవాలి, గోనెసంచి అయినా సరే. ఇచ్చిన చాయ తాగాలి. తాగి, రెండు మాటలు అడగాలి: దేనికి తిడుతుండె? చేతులు ఖాళీగున్నప్పుడు ఏం జేస్తుండె? మంచివాడా, కష్టజీవా, ఏ దేవుణ్ణి మొక్కేవాడు, ఇవేవీ అడగరు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఎవరైనా తొందరపెడితే చెయ్యెత్తి, "జర ఆగుండ్రి, మనిషి ఇంక రాలే" అనేవారు. పావుగంటకో గంటకో మనిషి వచ్చేవాడు. అప్పుడు పెన్సిలు తీసేవారు.

మా బాపు పోయినప్పుడు నేను ప్రెస్సులో చేరి రెండు నెలలు. బాపు డోర్నకల్‌లో రైల్వే పని చేశాడు. బండి వచ్చి ఆగితే పొడుగు కట్టె పిడి సుత్తితో చక్రాలు కొట్టుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు పోవడం ఆయన పని. మోగే తీరును బట్టి చక్రం బాగుందో పగిలిందో చెప్పేవాడు. మేం క్రైస్తవులం, మాకు దశదినకర్మ లేదు, జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. దానికి కార్డు కావాలి. పైన బైబిల్ వాక్యం పాస్టరు గారు ఇచ్చారు. కింద నాలుగు లైన్లకు కవిసారు దగ్గరికి పొమ్మని మా ఓనరు నా చేతిలో అడ్రసు పెట్టాడు.

ఆయన ఇల్లు కాజీపేట పోయే తొవ్వలో ఒక సందులో ఉంది. పోయేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. లోపల తోటకూర మడిలో రెండు మేకలు ఇష్టం వచ్చినట్టు మేస్తున్నాయి. పెద్దమ్మ చీపురు పట్టుకుని వాటి వెంటబడుతూ, వాటిని కాదు, లోపలున్న మొగుణ్ణి తిడుతోంది. నేను బాపు ఫోటో ఉన్న కవరు చేతిలో పట్టుకుని నడిచి నడిచి అరుగు దాకా పోయాను. ఆయన ఇనుప కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరిచాను గానీ మాట రాలేదు. మూడు రోజులుగా బంధువులందరితో మాట్లాడినదాన్ని, పాస్టరుతో పెట్టె గురించి, పూల గురించి మాట్లాడినదాన్ని, బాపు పోయిండు అని ఒక కొత్త మనిషికి చెప్పాల్సి వచ్చేసరికి గొంతు పట్టుకుపోయింది. ఆయన నా చేతిలో కవరు చూశారు, నా మొహం చూశారు. లేచి తన కుర్చీ నాకేసి, తాను అరుగు మీద కూర్చున్నారు. ఎవరు, ఏమిటి అని ఒక్క మాట అడగలేదు. చాయ తాగిన తర్వాత, ఇంటికి పోదాం పా బిడ్డా అన్నారు.

బయటికి వచ్చాక మర్యాదకు నేను గేటు వేసి గొళ్ళెం పెట్టాను. నాలుగడుగులు పోయినవారు వెనక్కి తిరిగి వచ్చి, గొళ్ళెం తీసి, గేటును మళ్ళీ గోడదాకా తెరిచి వచ్చారు. లోపల్నుంచి పెద్దమ్మ, ఆ మేకలకే వండిపెడతా ఇయ్యాల అని అరిచింది. ముసలాయనకు మతిమరుపు కాబోలు అనుకున్నాను.

మా ఇంట్లో బాపు మంచం పట్టె మీద కూర్చుని ఆయన మా అమ్మను అడిగారు, చేతులు ఖాళీగున్నప్పుడు ఏం చేసేవాడని. అమ్మ మూడు రోజులుగా ఒక్క ముద్ద ముట్టలేదు. కొంగు నోట్లో పెట్టుకుని కూర్చున్న మనిషి కొంగు తీసి చెప్పడం మొదలుపెట్టింది. చేతులు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి కొట్టి చూసేవాడట. నిజమే, మేం మర్చిపోయాం. కొత్త గ్లాసు తెస్తే గోటితో కొట్టి చెవి పెట్టేవాడు. పుచ్చకాయ కొట్టేవాడు, కుండ కొట్టేవాడు, మేం బడి నుంచి వస్తే మా నెత్తులు కొట్టేవాడు. గంట గడిచాక అక్కడే నాలుగు లైన్లు వచ్చాయి.

బండి చక్రం గొట్టి పగులు కనిపెట్టిన చెయ్యి
ఇంట్ల గ్లాసును గొట్టింది, పుచ్చకాయను గొట్టింది,
మా నెత్తులు గొట్టి 'మంచిగున్నయ్' అన్నది.
ఇయ్యాల మేం తలుపు గొడుతున్నం, జర పలుకు బాపూ.

నేను దాన్ని కొడుతూ కీబోర్డు మీద పడి ఏడ్చాను. కార్డు తీసుకుపోయి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ విని, "నా పెండ్లి బిందెను గిట్లనే కొట్టి కొట్టి సొట్ట బెట్టిండు. ఆ ముచ్చట రాయలేదేంది?" అని బాపును తిట్టడం మొదలుపెట్టింది. తిట్టి తిట్టి నవ్వింది. ఆ పూట అన్నం తిన్నది.

ఈ మాట చెబితే కవిసారు తృప్తిగా తల ఊపారు.

"ఏడిపిస్తె సాలనుకోకు బిడ్డా. ఏడుపును చావే తెస్తది, అండ్ల మన కష్టమేమున్నది? చదివినోళ్ళు పోయినోణ్ణి తిట్టాలె. తిట్టిండ్రంటే మనిషి ఇంటికొచ్చినట్టు."

అప్పటి నుంచి నాకు ఆయనంటే భక్తి. దాచుకోవడం ఎందుకు, దేవుని తర్వాత ఆయనే. సభల్లో ఆయన కవిత్వం విని చప్పట్లు కొట్టినవాళ్ళు వేలమంది ఉంటారు. నాకు మాత్రం మా అమ్మ అన్నం తిన్నదే గుర్తుంది.

ఆస్థానకవి అయ్యాక ప్రారంభోత్సవాలకు కూడా రాయాల్సి వచ్చేది. ఒక వంతెనకు రాయమంటే, ఆ వంతెన కట్టిన కూలీల దగ్గర రెండు రోజులు కూర్చుని, వాళ్ళకు వండిపెట్టిన పరకాల వైపు ముసలామె మీద రాసుకొచ్చారు. స్టేజీ మీది పెద్దమనుషులు చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక నిలబడ్డ కూలీలు మాత్రం ఆ ముసలామె వేసే ఉప్పును తలుచుకుని బూతులు తిట్టారట. ఇది చెప్పేటప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి.

ఇప్పుడు నా తప్పు.

బిరుదు తీసుకోవడానికి ఆయన హైదరాబాద్ పోయి నాలుగు రోజులున్నారు. ఆ రోజుల్లోనే ఖిలా వరంగల్ వైపు నుంచి ఒకామె వచ్చింది, వాళ్ళమ్మ పోయింది. ఆ తల్లి మార్కెట్ యార్డులో మిరపకాయలు ఏరే పనికి పోయేది, ఎర్రవి ఒక దిక్కు, తెల్లబోయిన తాలువి ఒక దిక్కు. కార్డులు తొందరగా కావాలి, నాలుగు లైన్లు కవిసారువే కావాలి. మా ఓనరు నన్ను పక్కకు పిలిచి, పాత ఫైల్లో ఏదన్నా తల్లి మీద ఉంటే పెట్టెయ్, తల్లులందరూ ఒక్కటే కదా అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. వెతికితే రఘునాథపల్లి రైతు ఇంటి ముసలామె మీద రాసినది దొరికింది. అందరికీ పెట్టి, అడుగంటింది తాను తిన్నది అని మొదలవుతుంది. ఏ తల్లి అయినా అంతే కదా అనుకుని, పేరు మార్చి, దించేశాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

కార్డులు పంచారు. ఒక కార్డు కవిసారు ఇంటికీ పోయింది. ఆయన హైదరాబాద్ నుంచి దిగి, మెడలో శాలువా కూడా తీయకుండా, ఆ కార్డు పట్టుకుని ప్రెస్సుకు వచ్చారు. అలవాటు ప్రకారం మీటరు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. కార్డు నా కీబోర్డు మీద పెట్టి ఈమె ఎవరు అని అడిగారు. నేను పేరు చెప్పాను. పేరు కాదన్నట్టు చెయ్యి ఊపారు.

"గీమె రఘునాథపల్లి ముసలామె. ఆమెను పట్కచ్చి వీళ్ళింట్ల కూసోవెట్టినవ్. మరి వీళ్ళమ్మ యాడ కూసోవాలె బిడ్డా?"

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేది. నేను ఏడుస్తూనే ఆయన వెనక నడిచాను.

ఆ ఇంట్లో అప్పటికే గొడవ అయిపోయింది. కార్డు చదివి చుట్టాలు మూతులకు చేతులు అడ్డం పెట్టుకున్నారట. ఎందుకంటే ఆ తల్లి జన్మలో ఎన్నడూ అడుగంటింది తినలేదు. పని నుంచి రాగానే ముందు పళ్ళెం తనదే, ఆ తర్వాతే లోకం. వాడంతా ఆమెను దాని మీదే ఆట పట్టించేది. కార్డు చూసి చనిపోయినామె చెల్లెలు, ఈమె ఎవరి అక్కనో నాకు తెలియదు అని అందరి ముందూ అన్నదట. తల్లి పోయిన దుఃఖం ఒకటి, ఈ నగుబాటు ఒకటి, ఆ బిడ్డ మొహం చూడలేకపోయాను.

కవిసారు గోనె పట్టా మీద కూర్చున్నారు. చాయ తాగారు. రెండు మాటలు అడిగారు. బిడ్డ మెల్లగా చెప్పింది. మిరపకాయలు ఏరిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మండుతూనే ఉంటాయి. ఆ చేతులతో తింటే పెదవులు, కళ్ళు తుడుచుకుంటే కళ్ళు. అందుకని ఆమె చెంచాతో తినేది. కూలికి పోయే మనిషి చెంచాతో తినడం చూసి వాడకట్టు దొరసాని అని పేరు పెట్టింది. ఆ చెంచా ఇప్పటికీ గోడకు మేకుకు వేలాడుతోంది. ఆయన లేచి జేబులో టార్చి తీసి, పట్టపగలు, ఆ చెంచా మీద వెలుగు వేసి చాలాసేపు చూశారు. మేమంతా నిలబడి ఆయన్నే చూశాం. అక్కడే గోడకు ఆనుకుని రాశారు.

మిర్చి పట్టిన చేతులు, చెంచతోని తిన్నది.
'దొరసాని' అని మీరు నవ్వితే తానూ నవ్వింది.
ముందు తానే తిన్నది. తిని, చేతులు కడిగి, మల్ల కడిగి,
గప్పుడు ముట్టింది పిల్లల బుగ్గలు.

బిడ్డ చదువుకుంది. చదివి, కళ్ళు తుడుచుకోకుండానే, "ఆ చెంచను ఎవ్వల్ని ముట్టనియ్యకపోయేది, పిసినారిది" అంది. చెల్లెలు అందుకుని ఇంకో నాలుగు తిట్లు తిట్టింది. ఇల్లంతా ఆ మనిషితో నిండిపోయింది. నేను నా కళ్ళతో చూశాను.

మా ఓనరు గొణిగాడు గానీ సారు మొహం చూసి కార్డులు మళ్ళీ వేశాడు. తప్పు కార్డులు మాత్రం ఊళ్ళో ఉన్నాయి కదా. సారు నన్ను వెంటబెట్టుకుని, సంచిలో కొత్త కార్డులు వేసుకుని, ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. ఏ ఇంటికి ఎటు నుంచి పోవాలో ఆయనకు మీటర్ల లెక్కన తెలుసు. ప్రతి గుమ్మంలో అదే మాట: తప్పయింది, అది నాకియ్యుండ్రి, ఇది తీసుకోండ్రి. నావల్ల అయిందని ఒక్క గుమ్మంలో కూడా అనలేదు. నేను చెప్పబోతే కళ్ళతోనే ఆపేశారు.

ఆ సాయంత్రమే కొత్త ఆస్థానకవికి ఊళ్ళో సన్మాన సభ ఉంది. ఆయన జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఎనిమిదోసారో తొమ్మిదోసారో ఎత్తి, "ఒకామెను ఇంటికి దింపవోతున్న. దింపి వస్త" అని పెట్టేశారు. మేం చివరి కార్డు మార్చి సభ దగ్గరికి పోయేసరికి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. వాచ్‌మెన్ పరుగున వచ్చి, అధ్యక్షుల వారు ఇచ్చిపోయారని ఒక గులాబీ దండ ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని సంచిలో, తప్పు కార్డుల మీద పెట్టుకుని, ఇంటికి పోయారు. ఇంత మనిషి పక్కన నేను ఆ పూటంతా నడిచానా అని ఇప్పటికీ నాకు నమ్మకం కలగదు. తెల్లారి ప్రెస్సుకు రాగానే కంప్యూటర్లో ఉన్న అరడజను తయారు కవితలూ చెరిపేశాను.

ఇక పోయిన వారం. రెండు రోజులు దవాఖానలో ఉన్నారు, మూడో రోజు లేరు. చౌరస్తాలో ఫ్లెక్సీలు లేచాయి. రెండిట్లో కవిసూర్యుడు అస్తమించాడు, ఒకదాంట్లో కవిచంద్రుడు. మా ప్రెస్సులోనే వేశాం, నేనే కొట్టాను, కాదనను. సాహిత్యం వాళ్ళు పదహారు పాదాల పద్యం ఒకటి తెచ్చారు. చాలా గొప్పగా ఉంది, సముద్రముంది, శిఖరముంది. మా ఓనరు మురిసిపోయి అదే కార్డు మీద పెట్టమన్నాడు. పెట్టి, ప్రూఫ్ తీసి, పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమె ప్రెస్సు స్టూలు మీద కూర్చుని, కొంగుతో కళ్ళొత్తుకుంటూ మొత్తం విన్నది.

"మంచిగనే ఉన్నది బిడ్డా," అంది. "ఎవల గురించి?"

ప్రూఫ్ మడిచి సంచిలో వేసుకున్నాను. ఎల్లుండికి కార్డులు పంచాలి. ఊళ్ళో ప్రతి మనిషినీ నాలుగు లైన్లలో ఇంటికి తెచ్చిన మనిషి, తన కార్డు మీద తానే లేకుండా పోతున్నాడు. ఎవరు రాస్తారు? సాహిత్యం వాళ్ళను అడిగితే ఇంకో సముద్రం తెస్తారు. నేను జన్మలో ఒక్క లైను రాసినదాన్ని కాదు. ఇంకొకరు రాసింది కొట్టడమే నాకు తెలుసు. కానీ ఆయన పద్ధతి నేను చూశాను. చూసినదాన్ని నేనే మిగిలాను. పెద్దమ్మతో, పదండి ఇంటికి పోదాం అన్నాను.

గేటు బార్లా తెరిచే ఉంది. మడిలో ఒక మేక ఉంది. పెద్దమ్మ దాన్ని అదిలించే ఓపిక లేక లోపలికి నడిచింది. నేను అడుగు పెడుతూ తలుపు పైన మీటరు వైపు చూశాను. చూశాక గుర్తొచ్చింది, అది ఆయన అలవాటు. అరుగు మీద ఇనుప కుర్చీ అలాగే ఉంది. అందులో కూర్చోవడానికి భయమేసింది, అయినా కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే రోడ్డు కనిపించదు, ఆకాశం కూడా సగమే. గేటు మాత్రం నిండుగా కనిపిస్తుంది.

చాయ తాగి, చేతులు ఖాళీగున్నప్పుడు ఏం చేసేవారని అడిగాను. పెన్సిలు చెక్కి పొట్టంతా తన తులసికోటలో పోసేవాడని పెద్దమ్మ చెప్పింది. దేనికి తిట్టేవారని అడిగాను. తిట్టడం తన పనే గానీ ఆయన పని కాదంది. ఒక్కసారి మాత్రం ఆయన కోపం చూసిందట. మేకల బాధ పడలేక ఒకరోజు ఆమె గేటుకు ఇనుప తీగ చుట్టింది. ఆయన ఊరి నుంచి వచ్చి చూసి, ఆ తీగ తెంపి, చుట్ట చుట్టి ఇంటి కప్పు మీదికి విసిరేశారు. అన్నం తినకుండా పడుకున్నారు. ముప్పై ఏళ్ళు గేట్ల దగ్గర నిలబడి మీటర్ మీటర్ అని అరిచిన మనిషి కదా, అందుకే గేటంటే పడదని ఆమె అనుకుంది. తెల్లారి తానే బతిమాలి అడిగింది. అప్పుడు చెప్పారట.

"ఏమన్నరు పెద్దమ్మా?"

"చావు మోసుకొచ్చినోడు గేటు కాడ నిలవడి పిలువలేడే, గొంతు రాదు. గేటేసుంటే మల్లిపోతడు. అన్నడు. గంతే."

కవరు పట్టుకుని గొంతు రాక నడిచి వచ్చిన ఆ రోజు గుర్తుకొచ్చింది. గేటు వేసి ఉంటే నేను పిలిచేదాన్ని కాదు. తిరిగి పోయేదాన్ని. బాపు కార్డు మీద మూడో నంబరు పెట్టుకునేదాన్ని, అమ్మ బిందె సంగతి ఎవరికీ చెప్పేది కాదు. నేను మతిమరుపు అనుకున్నాను ఆయన్ను. నా కోసం తెరిచి పెట్టిన గేటును నా చేత్తో నేనే మూశాను, ఆయన వెనక్కి వచ్చి మళ్ళీ తెరిచారు, ఒక్క మాట అనకుండా.

అరుగు చివర పెన్సిలు ముక్క ఉంది. ప్రూఫ్ వెనకవైపు రాయడం మొదలుపెట్టాను. మొదట రాసింది చదివితే పెద్దమ్మ ఏడ్చింది. కొట్టేశాను. రెండోది చదివినా ఏడ్చింది. అదీ కొట్టేశాను. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు, మేక తోటకూర కొరుకుతున్న చప్పుడే వినిపిస్తోంది. తర్వాత రాశాను.

ఊరి గేట్ల కాడ నిలవడి నిలవడి
తన గేటుకు గొళ్ళెం పెట్టుడు మరిచిండు.
మేకలొచ్చినయ్, మేమొచ్చినం, ఎవ్వల్ని ఆపలే.
పోయేటప్పుడూ తెరిచే పెట్టి పోయిండు.

మరిచిండు అన్నది అబద్ధమని నాకు తెలుసు, పెద్దమ్మకూ తెలుసు. ఆ అబద్ధం ఆమె నలభై ఏళ్ళు తిట్టిన తిట్టు. అందుకే ఉంచాను.

కాగితం ఆమె చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు సవరించుకుని, పెదవులు కదుపుతూ చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఏడుస్తుందేమో అని నేను చూడలేక తల దించుకున్నాను. ఆమె చదవడం ఆపి మడి వైపు చూసింది.

"మరిచిండట, మరిచిండు! నలభై ఏండ్లు నా తోటకూరంత మేకలకు బెట్టిండు ముసలోడు. ఒక్కనాడన్న కడుపునిండ నా చేతి పప్పుల ఆకు వడనిచ్చిండా? కొత్తిమీర బెడితే కొత్తిమీర, పాలకూర బెడితే పాలకూర..."

ఆగలేదు. మేకను తిట్టింది, మేకను పెంచిన వాళ్ళను తిట్టింది, మళ్ళీ ఆయన దగ్గరికి వచ్చి, పెళ్ళయిన కొత్తలో నుంచి మొదలుపెట్టి తిట్టింది. నేను నవ్వుతున్నాను, నా మొహమంతా తడిగా ఉంది. ఆయన ఇంట్లోకి వచ్చారు. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు రాదు.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బయల్దేరాను. మేకను తోలుకుంటూ గేటు దాటాను. పందొమ్మిదేళ్ళ నాటి అలవాటు ఎక్కడికి పోతుంది, వెనక్కి తిరిగి గేటు దగ్గరికి లాగి గొళ్ళెం మీద చెయ్యి వేశాను.

అరుగు మీది నుంచి పెద్దమ్మ పిలిచింది.

"ఉండనియ్యి బిడ్డా. ఎవలన్న వస్తరేమో."